మొదటి వద్దు

మా మల్లెలంక మునిసిపాలిటీకి బ్రిటన్ తగిలిందని తెలిసిన రోజున ఊళ్ళో మిఠాయిలు పంచారు. తగలడమంటే చీటీలో రావడం. మన పట్టణాలకీ విదేశీ పట్టణాలకీ చుట్టరికం కలపాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. ఒక గాజు గిన్నెలో దేశాల పేర్లు వేసి మంత్రిగారి చేత తీయించారు. పక్కనున్న కొత్తలంకకు జర్మనీలో ఒక ఊరు వచ్చింది. ఏటికి అవతలనున్న రేవుపాడుకు ఫ్రాన్సు వచ్చింది. మాకు మార్ష్‌బరీ అనే బ్రిటిష్ ఊరు వచ్చింది.

కొత్తలంక వాళ్ళు ఎంత గొప్పలు పోయారో అంత తొందరగా ఏడ్చారు. జర్మన్ పద్ధతి ప్రకారం బస్సులు చెప్పిన వేళకే బయలుదేరడం మొదలయ్యేసరికి ఊళ్ళో ఒక్కరికీ బస్సు దొరకలేదు. ఖాళీ బస్సులు టంచనుగా తిరిగాయి. రేవుపాడు వాళ్ళు ఫ్రెంచి పద్ధతని మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు మూసి సాయంత్రం ఎప్పుడో తెరిచారు. అది ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి ఎవరూ మార్పు గమనించలేదు. కాని రెండో పాఠం, అంటే కనబడిన ప్రతివాళ్ళనీ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి పలకరించడం, మొదలుపెట్టిన పూటే అక్కడి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆస్పత్రిలో చేరాడు. ఎవరు కొట్టారన్నది ఇప్పటికీ తేలలేదు.

వాళ్ళతో పోలిస్తే మాది అదృష్టమే అనుకున్నాం. ఎంతైనా బ్రిటిష్ వాళ్ళు మనకు పాత పరిచయస్థులు. పైగా మార్ష్‌బరీ వాళ్ళు చుట్టరికం కలిసీ కలవకముందే ఒక కబురు చేశారు. తమ ఊళ్ళో కొత్త ఫైరింజను కొన్నారట. పాతది ఇంకా బ్రహ్మాండంగా నడుస్తోందట. మీకు అవసరమైతే ఇస్తాం, ఒకసారి వచ్చి మీ ఊరు చూస్తాం అన్నారు. కబురంతా అంతే. ఆ మాటల్లో ఎక్కడా షరతు లేదు.

ఇక్కడ వరహాలమ్మ సంగతి చెప్పాలి. కాలవగట్టు పేట నుంచి గెలిచిన కౌన్సిలరు. ఆ పేటంతా తాటాకిళ్ళు. ఎండాకాలం వస్తే అక్కడ ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. ఒక పొయ్యిలోంచి ఒక నిప్పురవ్వ ఎగిరితే చాలు, వరసంతా బూడిద. మా ఊరికి ఫైరింజను లేదు. దూరం నుంచి రావాలి. కిందటేడు వరహాలమ్మ ఇల్లు అంటుకున్నప్పుడు కూడా వచ్చింది. ఆరిపోయిన బూడిద మీద నీళ్ళు చల్లి, పాపం, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ ఏడాది నుంచీ వరహాలమ్మ కౌన్సిల్ మీటింగులో ఏ విషయం వచ్చినా ఒకటే అడిగేది. వీధిదీపాల గురించి మాట్లాడుతుంటే ఫైరింజను అనేది. కుక్కల బెడద గురించి మాట్లాడుతుంటే ఫైరింజను అనేది. మార్ష్‌బరీ కబురు విన్నప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోవడం నేను చూశాను.

నేనంటే మునిసిపల్ ఆఫీసులో ప్రజాసంబంధాల గుమాస్తాని. పేరు భీమశంకరం. ఎవరైనా వస్తే దండ తేవడం, వెళ్తుంటే శాలువా తేవడం నా ఉద్యోగం. మా కమిషనరు పద్మలోచనరావు గారు దేవుడిలాంటి మనిషి. మొహమాటం ఆయన ఒంట్లో రక్తంతో పాటు ప్రవహిస్తుంటుంది. సొంత ఇంట్లో భార్య కాఫీ ఇచ్చినా "అబ్బే, ఇప్పుడెందుకూ" అంటారని ఊళ్ళో చెప్పుకుంటారు.

కబురు మా దగ్గరే ఆగి ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. కాని అది పైకి వెళ్ళింది. పైన అప్పటికే అంతర్జాతీయ మర్యాదల విభాగం అని ఒకటి పుట్టి, ఏం చేయాలో తెలియక కూర్చుని ఉంది. వాళ్ళు ఆ కబురును పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒకసారి వచ్చి మీ ఊరు చూస్తాం" అన్న మాట దగ్గర ఆగిపోయారు. చూడడమంటే పరీక్షే అన్నారు. బ్రిటిష్ వాళ్ళు పరీక్షిస్తే మర్యాదే పరీక్షిస్తారు అన్నారు. వెంటనే ప్రత్యేకాధికారి డాక్టర్ చక్రధరం గారిని మా ఊరి మీదికి పంపారు.

చక్రధరం గారు లండన్‌లో ఒక వానవారం గడిపి వచ్చారు. అప్పటినుంచీ మే నెలలో కూడా గొడుగు చంకలో లేకుండా కనబడలేదు. టౌన్‌హాల్లో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ప్రారంభోపన్యాసం చేశారు.

"సభ్యులారా! ప్రపంచ జాతుల స్వభావాన్ని ఈ విభాగం కూలంకషంగా పరిశీలించి నిర్ధారించింది. ఇటలీవాడు చేతులతో మాట్లాడును. ఫ్రెంచివాడు భుజాలతో మాట్లాడును. అమెరికావాడు మాట్లాడుతూనే ఉండును. బ్రిటిష్‌వాడు మాత్రం ఏమీ మాట్లాడకుండా సర్వమూ మాట్లాడును. మల్లెలంక పౌరులు ఈ స్థాయిని అందుకొనుటయే మన లక్ష్యం."

మొదటి పాఠం వరస. బ్రిటిష్‌వాడు ఒంటరిగా ఉన్నా వరసలోనే నిలబడతాడట. కాబట్టి ఊళ్ళో ఏ పనికైనా వరస ఉండాలి. రెండో పాఠం సంభాషణ. ఎదుటివాళ్ళ పిల్లల సంగతి, పెళ్ళి సంగతి, ఇల్లు సొంతమా అద్దా అన్న సంగతి అడగరాదు. వాతావరణం గురించి మాత్రమే మాట్లాడాలి. మా ఊళ్ళో మే నెల వాతావరణం గురించి చెప్పడానికి ఒకటే వాక్యం ఉంది. "ఎండ కాస్తోందండీ." దానికి జవాబు కూడా ఒకటే. "అవునండీ." అరుగుల మీద కూర్చుని పొద్దస్తమానం కబుర్లు చెప్పుకునే మా ముసలాళ్ళు ఆ రెండు వాక్యాలూ అనేసుకుని, ఇంకేం తోచక ఇళ్ళకు వెళ్ళి పడుకున్నారు.

మూడో పాఠం తగ్గింపు భాష. ఎంత పెద్ద సంగతినైనా చిన్నది చేసి చెప్పాలి. కాలు విరిగితే "నడక కాస్త మందగించింది" అనాలి. వరద వస్తే "నేల కొంచెం తడిగా ఉంది" అనాలి. ఇది చెప్పి, చక్రధరం గారు గొడుగుతో వరహాలమ్మను చూపించారు.

"మీరు చెప్పండి. మీ ఇల్లు కాలిపోవుచున్నది. బ్రిటిష్ పద్ధతిలో ఎట్లు తెలియపరుస్తారు?"

వరహాలమ్మ లేచి నిలబడింది. "మా ఇల్లు నిజంగానే కాలిపోయిందండి. అప్పుడిలా సెప్పలేదండి నేను. గొంతు సిరిగిపోయేలా అరిసేనండి."

"అరిస్తే ఫైరింజను వేళకు వచ్చిందా?"

"రాలేదండి."

"చూశారా!" అన్నారు చక్రధరం గారు సభవైపు తిరిగి. అందరూ చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ కూర్చుంది. ఫైరింజను కోసం ఆమె ఏమైనా నేర్చుకునేటట్టు ఉంది. ఆ సాయంత్రం మెట్లమీద ఒక్కతే నిలబడి, "మా పేటలో కొంచెం వెచ్చగా ఉంటాదండి, కొంచెం వెచ్చగా ఉంటాదండి" అని నెమరు వేసుకోవడం విని నాకు నవ్వాగలేదు. తరవాత సిగ్గేసింది.

నాలుగో పాఠమే మా కొంప ముంచింది. దాని పేరు ఏకవాక్య నిరాకరణ సూత్రం.

గోదావరి గట్టున పుట్టినవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు గాని, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా దగ్గర అతిథిని "భోంచేస్తారా?" అని అడిగితే "వద్దండీ" అనాలి. అది మర్యాద. ఆ వద్దు విని ఊరుకుంటే అది అమర్యాద. మళ్ళీ అడగాలి. అప్పుడు అతిథి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారి ఆ చెయ్యి తప్పించి వడ్డించాలి. అప్పుడు అతిథి "అయ్యయ్యో, ఇంతెందుకండీ" అంటూ శుభ్రంగా తినాలి. మొదటి వద్దుకు అర్థం "అడుగుతూ ఉండండి" అని. ఈ పద్ధతిలో వందల ఏళ్ళుగా ఎవరూ ఆకలితో చావలేదు. అజీర్తితో పోయినవాళ్ళున్నారేమో తెలియదు.

"ఇది అనాగరికము!" అన్నారు చక్రధరం గారు. "బ్రిటిష్‌వాడు ఒకమారు వద్దన్నచో వద్దనియే అర్థము. రెండోమారు అడుగుట అతని వ్యక్తిస్వేచ్ఛపై దాడి. నేటినుండి మల్లెలంకలో ఎవరైనా సరే, ఒక్క వద్దుతో వడ్డన నిలిపివేయవలెను."

సర్క్యులరు ఇంటింటికీ వెళ్ళింది. ఊరు చిక్కిపోవడం మొదలుపెట్టింది. అత్తవారింటికి కొత్తగా వచ్చిన అల్లుడొకడు మొదటి ముద్దకే "చాలండీ" అన్నాడు. అత్తగారు కన్నీళ్ళు పెట్టుకుంటూ విస్తరి తీసేసింది. మర్నాడు ఆ అల్లుడు కాఫీ హోటల్లో ఇడ్లీల ముందు దొరికాడు. పేరంటాళ్ళు శనగలు వద్దని వచ్చి దారిపొడుగునా తిట్టుకున్నారు. మా ఇంట్లో సంగతి చెప్పను. మా ఆవిడ సర్క్యులరు నాకంటే శ్రద్ధగా చదివింది.

ఇదిలా ఉండగా మార్ష్‌బరీ అతిథులు దిగారు. ఇద్దరే. ఒకరు మిసెస్ పెంబర్టన్, ఆ ఊరి మేయరు. వెండిజుట్టు, బక్కపలచని మనిషి. రెండోవారు మిస్టర్ పిల్‌బీమ్, ఒకప్పుడు అక్కడి ఫైర్ స్టేషనుకు అధికారి. రైల్వే స్టేషన్లో మేమంతా ప్లాట్‌ఫారం పొడుగునా, ఒకరి వెనక ఒకరం, ఎవరి ముఖమూ ఎవరికీ కనబడకుండా వరసలో నిలబడ్డాం. మిసెస్ పెంబర్టన్ రైలు ఆగకముందే సామానుతో సహా జనాన్ని తోసుకుంటూ దిగింది. కమిషనరు గారి రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయ్! బాగున్నారాండీ? పిల్లలెంతమందండీ? ఇల్లు సొంతమాండీ, అద్దాండీ?"

స్వచ్ఛమైన కోనసీమ యాస. కమిషనరు గారు బిత్తరపోయి, "ఎండ కాస్తోందండీ" అన్నారు.

తరవాత కారులో ఆమే విడమరిచి చెప్పింది. మల్లెలంకకు వెళ్తున్నాం కదా అని వాళ్ళ కౌన్సిలు కూడా ఒక ఉపసంఘం వేసిందట. మా ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన ఒక డాక్టరుగారి అత్తగారి దగ్గర చలికాలమంతా మా మర్యాదలు నేర్చుకున్నారట. వరసలో నిలబడకూడదనీ, చనువుగా మాట్లాడాలనీ, పెట్టిన వెంటనే తినకూడదనీ. "మొదటిసారి వద్దనాలి. రెండోసారి చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారి తినాలి. అంతే కదాండీ?" అంది వేళ్ళు మడిచి లెక్కపెడుతూ. పిల్‌బీమ్ దొర ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "మొహమాట పడకండి! ఇంకాస్త వెయ్యండి!" అన్నాడు. ఆయనకు వచ్చిన తెలుగు అంతే. ఆ అత్తగారు వడ్డించేటప్పుడు అనే మాటలన్నీ ఆయన కంఠతా పట్టేశాడు.

నేను వెంటనే చక్రధరం గారి దగ్గరికి పరిగెత్తాను. "సార్, వాళ్ళు మన పద్ధతి నేర్చుకుని వచ్చారు. మొదటిసారి వద్దంటారు. మనం మళ్ళీ అడక్కపోతే పస్తులుంటారు" అన్నాను.

ఆయన జాలిగా నవ్వారు. "భీమశంకరం, నీవు అమాయకుడవు. అది పరీక్ష. మనము ప్రలోభమునకు లొంగి రెండోమారు అడుగుదుమా లేదా అని చూచుచున్నారు. ఇట్టి సూక్ష్మత బ్రిటిష్ వారికే సాధ్యము."

అలా మొదలైంది. ఆ పూట గెస్ట్‌హౌస్‌లో అరిటాకుల్లో పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, పెరుగులో నానిన గారెలు. వడ్డించే మనిషి వంగి, "గారె వెయ్యమంటారాండీ?" అన్నాడు. మిసెస్ పెంబర్టన్ గారెవైపు ప్రేమగా చూసి, "వద్దండీ" అంది. గారె వెళ్ళిపోయింది. ఆమె ఆకుమీద అడ్డం పెట్టడానికి చెయ్యెత్తి, దేనికి అడ్డం పెట్టాలో తెలియక అలాగే గాలిలో ఉంచింది. పిల్‌బీమ్ దొర కూర వద్దన్నాడు. పప్పు వద్దన్నాడు. అన్నం కూడా వద్దన్నాడు. ప్రతి వద్దుకూ మా కమిషనరు గారు సన్నగా మూలిగేవారు. అన్నీ తిరిగి వంటింట్లోకి వెళ్ళాయి. ఆకులు కడిగినంత శుభ్రంగా ఉన్నాయి.

మర్నాడూ అంతే. అతిథులు ఊరు చూశారు. కాలవగట్టు పేటకు కూడా వెళ్ళారు. వరహాలమ్మ తన పాఠం అప్పజెప్పింది. "మా పేటలో కొంచెం వెచ్చగా ఉంటాదండి." మిసెస్ పెంబర్టన్ తాటాకుల కప్పుల వైపు, కాలిపోయిన నిట్రాటి గుంజల వైపు చూసింది. నీరసంగా ఒక గుంజకు ఆనుకుంది. ఆమె కళ్ళు వరహాలమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న చేపల పులుసు కుండ మీద ఆగిపోయాయి.

"పులుసన్నం తింటారాండి?" అంది వరహాలమ్మ.

"వద్దండీ" అంది మిసెస్ పెంబర్టన్, ఆశగా.

వరహాలమ్మ రెండోసారి అడగబోయింది. వెనకాల చక్రధరం గారు గొడుగు నేలకేసి కొట్టారు. ఆమె నోరు మూసుకుంది. ఫైరింజను పోతుందని భయం.

ఆఖరి రోజున వీడ్కోలు విందు. మునిసిపల్ ఆఫీసు ఆవరణలో శామియానా, దాని పక్కనే వంటలకు తాటాకుల పందిరి. ఊరి పెద్దలంతా వచ్చారు. అతిథులిద్దరూ వేదిక మీద బుగ్గలు లోతుకుపోయి కూర్చున్నారు. చక్రధరం గారి ఉపన్యాసం మధ్యలో వంటమేస్త్రి సత్తిరాజు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కమిషనరు గారి చెవి దగ్గర వంగాడు. అతను కూడా శిక్షణ పొందినవాడే.

"అయ్యా, క్షమించాలి. తమకు అవకాశముంటే, వంటల పందిట్లో కాస్త వెచ్చదనం ఎక్కువైందండి."

"అవునండీ, ఎండ కాస్తోంది" అన్నారు కమిషనరు గారు.

సత్తిరాజు వెళ్ళి మళ్ళీ వచ్చి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. "అయ్యా, ఇబ్బంది లేకపోతే చిన్న మనవి. పందిరి ఇందాకటంత పూర్తిగా లేదండి."

"చూడుడు, ఎంత చక్కని తగ్గింపు!" అని చక్రధరం గారు మైకులోనే మెచ్చుకున్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్యలో పందిరి కప్పు భగ్గుమంది.

"మంటండి బాబో! మంట!" అని వరహాలమ్మ అరిచింది. ఆ కేక కాలవగట్టు దాకా వినబడి ఉంటుంది. నేర్చుకున్నదంతా ఆ ఒక్క కేకలో పోయింది.

జనం లేచారు. గేటు దగ్గర వరస కట్టారు. "తమరు ముందు" అంటే "తమరే ముందు" అని ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఎవరూ కదలలేదు. బకెట్లు పట్టుకున్నవాళ్ళు కుళాయి దగ్గర ఇంకో వరస కట్టారు. ఒకడు నింపుకుని, మోసుకెళ్ళి, పోసి, తిరిగి వచ్చి చివర్న నిలబడితే తప్ప రెండోవాడు కదలడు. నిప్పురవ్వలు శామియానా మీదికి ఎగురుతున్నాయి.

"ఒరేయ్, వరస ఇప్పకండి! అలాగే కుళాయి కాణ్ణించి పందిరి దాకా సాగదియ్యండి! సేతులు మార్చుకోండి!" అని వరహాలమ్మ చీర బిగించి వాళ్ళను రెక్కలు పట్టి లాగి నిలబెట్టింది. వేదిక మీంచి పిల్‌బీమ్ దొర ఒక్క దూకు దూకాడు. మూడు రోజుల పస్తు మనిషిలా లేడు. మంట ముందు నిలబడి, తనకు వచ్చిన తెలుగంతా బయటికి తీశాడు.

"మొహమాట పడకండి! ఇంకాస్త వెయ్యండి! ఇంకాస్త! అయ్యో, అప్పుడే చాలంటే ఎలాగండీ? ఇటు కొంచెం! అటు కొంచెం!"

బకెట్లు చేతులు మారాయి. మిసెస్ పెంబర్టన్ పెద్దల వరసను మోచేతులతో చీల్చుకుని వచ్చి నా పక్కన నిలబడింది. నేను అందించిన బకెట్టును ఆమె అందుకుంది. ఆమె అందించింది చక్రధరం గారు అందుకున్నారు. గొడుగు ఏమైందో చూడలేదు. పందిరి కూలింది, శామియానా బతికింది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. విందు మాత్రం పులిహోర నుంచి బొబ్బట్ల దాకా బొగ్గయింది. తడిసిన బూడిద మీద చూపు నిలిపి మిసెస్ పెంబర్టన్ కళ్ళు తుడుచుకుంది. పొగవల్ల అనుకున్నాం.

అటునుంచి అటే స్టేషనుకు వెళ్ళాం. ఒంటికి మసి, బట్టలకు బురద. రైలెక్కి కిటికీ దగ్గర కూర్చున్న మిసెస్ పెంబర్టన్ కమిషనరు గారిని పిలిచింది.

"మీ ఊరికి ఫైరింజను అవసరమని కళ్ళారా చూశామండీ. పంపించమంటారా?"

మా అందరి ప్రాణాలూ లేచి వచ్చాయి. వరహాలమ్మ మాత్రం అక్కడ లేదు. స్టేషనుకు వస్తూ వస్తూ దారిలోనే దిగిపోయింది. కమిషనరు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత అభిమానం ముందు ఆయన నేర్చుకున్న బ్రిటిష్ మర్యాదంతా కొట్టుకుపోయి, లోపలున్న అసలు మనిషి బయటికి వచ్చేశాడు.

"అబ్బే, వద్దండీ! మీకెందుకు శ్రమ! మీ అభిమానమే మాకు పదివేలు" అన్నారు.

మిసెస్ పెంబర్టన్ ఒక్క క్షణం చూసింది. మూడు రోజుల పస్తుతో, మంటతో, అలసటతో ఆమె నేర్చుకున్న తెలుగు మర్యాద కూడా కొట్టుకుపోయింది. లోపలున్న అసలు మనిషి బయటికి వచ్చింది.

"అలాగా. సరేనండీ" అంది.

ఆమె మళ్ళీ అడుగుతుందని మేం ఎదురుచూశాం. ప్లాట్‌ఫారం మీదున్న ప్రతి ముఖమూ రెండోసారి వడ్డన కోసం కాచుకున్న ముఖమే. కమిషనరు గారైతే రెండో వద్దుకు సిద్ధంగా చెయ్యి కూడా ఎత్తారు. ఆమె అడగలేదు. గార్డు ఈల వేశాడు. అడగండమ్మా, ఇంకొక్కసారి అడగండి అని లోపల్లోపల అరుస్తున్నాను గాని, నోరు పెగల్లేదు. నేనూ ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణే. రైలు కదిలింది.

అప్పుడు వరహాలమ్మ వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ. జనాన్ని తోసుకుంటూ, కదులుతున్న రైలు వెంట పరిగెడుతూ కిటికీ పట్టుకుంది.

"ఏటన్నారండి? ఇంజనిత్తానన్నారా?"

"కమిషనరుగారు వద్దన్నారండీ" అంది మిసెస్ పెంబర్టన్.

"ఆయనకి మొహమాటవండి! మాకు కావాలండి! నా పేట తగలడిపోతంది, నా ఇల్లు బుగ్గయిపోయింది, కొంచెం వెచ్చగా కాదండి, మండిపోతాదండి! కావాలి! ఇవ్వండి!"

అలా అడగడం మా మర్యాదలో లేదు. వాళ్ళ మర్యాదలో అసలే లేదు. ప్లాట్‌ఫారం మీద పెద్దమనుషులు తలలు దించుకున్నారు. వరహాలమ్మ పరుగు ఆపకుండా క్యారేజీని కిటికీలోంచి తోసింది. "సేపల పులుసండి. తింటారా అని అడగను. తినండి."

"వద్ద..." అనబోయి ఆగింది మిసెస్ పెంబర్టన్. క్యారేజీని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. "కావాలి" అంది. "నాకూ కావాలండీ. మూడు రోజుల్నుంచీ కావాలి."

రైలు మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి, "పంపిస్తాను! పంపిస్తాను!" అని అరుస్తూనే ఉంది. ఒక బ్రిటిష్ మనిషి అంత గట్టిగా అరవగా వినడం నాకదే మొదటిసారి. పిల్‌బీమ్ దొర కనబడలేదు. అప్పటికే మూత తీసి ఉంటాడు.

మళ్ళీ ఎండలు ముదరకముందే ఫైరింజను ఓడెక్కి వచ్చింది. ఎర్రగా, నిగనిగలాడుతూ, స్టీరింగు కూడా మనవైపే ఉంది. కొత్తలంక వాళ్ళకు జర్మనీ నుంచి వచ్చిన బస్సుకు స్టీరింగు ఎడమవైపు ఉండి షెడ్డులోనే పడి ఉందని తెలిసి మాకు ఇంకొంచెం సంతోషం కలిగింది. మర్యాదల విభాగం ఈ విజయాన్ని ఏకవాక్య నిరాకరణ సూత్రం ఖాతాలో వేసుకుంది. చక్రధరం గారికి ప్రమోషనిచ్చి జపాన్ తగిలిన ఊరికి పంపారు. అక్కడ జనం ఎవరెక్కువ వంగుతారా అని పోటీపడి నడుములు పట్టేసి మంచాలెక్కారని విన్నాం. సర్క్యులరు మాత్రం రద్దు కాలేదు. రద్దు చేస్తారా అని పైవాళ్ళను ఒకసారి అడిగాం. వద్దన్నారు. రెండోసారి అడగడానికి సర్క్యులరు ఒప్పుకోదు.

ఫైరింజను తలుపు తీస్తే డ్రైవరు సీట్లో వరహాలమ్మ క్యారేజీ ఉంది. తళతళా తోమి ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఆ డాక్టరుగారి అత్తగారు చెప్పిందో, మిసెస్ పెంబర్టన్‌కే తోచిందో, ప్రతి గిన్నె నిండా బిస్కట్లున్నాయి. వెన్న వాసన ఆవరణంతా వ్యాపించింది. వరహాలమ్మ ఇంజను చుట్టూ తిరిగి, చక్రాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైపును చేత్తో నిమిరి చూసుకుంది. తరవాత క్యారేజీ తీసుకుని మా దగ్గరికి వచ్చి మూత తీసింది.

"ఓ బిస్కట్టు తీసుకోండి, కమిషనర్ గోరూ."

కమిషనరు గారు బిస్కట్ల వైపు చూశారు. గుటక పడడం నాకు కనిపించింది.

"అబ్బే, వద్దమ్మా" అన్నారు.

"సరేనండి" అని వరహాలమ్మ మూత పెట్టేసింది. సర్క్యులరు ఇంకా అమల్లో ఉంది కదా.

నావైపు తిరిగి మళ్ళీ మూత తీయబోయింది. ఆమె అడిగేదాకా నేను ఆగలేదు. రెండు చేతులూ చాచాను.

"నాకు కావాలి" అన్నాను.